తలుపు కార్డు

పాత ప్రెస్సు వెనక సందులో, చిట్టచివర, మెట్లు అరిగిపోయిన ఇల్లొకటి ఉండేది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి నడిచేవాడు ఆ సందులో ఒక్కడూ లేడు. చుట్టూ తిరిగి, మురికి కాలవ దాటి, చెప్పులు తడుపుకునైనా వెళ్ళేవాళ్ళు గానీ ఆ మెట్ల పక్కగా మాత్రం... అబ్బే!

ఎందుకంటే లోపల చప్పుడయ్యేది.

పెద్ద చప్పుడేం కాదు. గజ్జెలూ, ఏడుపులూ, వికటాట్టహాసాలూ ఏం లేవు. సర్... సర్... సర్... కాసేపాగి మళ్ళీ — సర్... సర్... సర్... అంతే. ఎవరో దేన్నో ఓపిగ్గా, తీరుబడిగా రుద్దుతున్నట్టు.

విచిత్రం ఏమిటంటే, విన్నవాడికల్లా అది తన పనిముట్టు చప్పుడులాగే వినబడేది. మూలమీది దర్జీ అది కత్తెర అన్నాడు. చెప్పులు కుట్టేవాడు, కాదు, తోలు గీకే కత్తి అన్నాడు. ఎదురింటి వడ్రంగికి చిత్రిక పట్టినట్టు వినబడింది. "అర్ధరాత్రి శవపెట్టె చేస్తున్నారంటే నాకోసమే" అని మంచమెక్కి పది రోజులు దిగలేదు మహానుభావుడు.

తెల్లారి చూస్తే ఆ ఇంటి గడపమీద సన్నటి బూడిదరంగు పొడి. ఊడ్చేవాళ్ళు లేరు. మర్నాడు ఇంకాస్త ఎక్కువ ఉండేది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళ కిందటిదాకా కార్డులమ్మ ఉండేది. చేత్తో గ్రీటింగ్ కార్డులు చేయడమే ఆవిడ పని, వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచీ అదే పని. పోయింది కూడా బల్ల ముందే — సగం కత్తిరించిన కాగితం మీద తల ఆన్చి. మూడో రోజున తలుపు పగలగొడితే తెలిసింది. అప్పట్నుంచే చప్పుడు.

నేను చూసింది కాదు. ఇదంతా నాకు చెప్పినవాడు బైండరు, పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. కథలల్లేంత తెలివి అతనికి లేదు, ఉన్నట్టయితే ఎప్పుడో బాగుపడేవాడు. ఒక్క మాట మాత్రం చాలా రోజులు కడుపులో దాచుకున్నాడు. అదీ చెబుతాను, దాని చోటు రానీయండి.

ఆ చప్పుడు రబ్బరుదని, కాగితం మీద రాత చెరిపే రబ్బరుదని అన్నవాడు సందు మొత్తానికి ఒక్కడే — ట్రేసరుగారు.

ఆయన సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు మ్యాపులు చూసి గీసిన మనిషి. గీయడం ఎవడికైనా వస్తుంది, ఆయన గొప్పంతా చెరపడంలో ఉంది. సగం బ్లేడుముక్కతో సిరా గీకి, రబ్బరుతో రుద్ది, చెంచా వెనకవైపుతో నున్నగా పామాడంటే, అక్కడొక చెరువు ఉండేదని ఆ చెరువు గీసినవాడు కూడా నమ్మేవాడు కాదు. ఒక ఆఫీసరు భూతద్దం పెట్టి వెతికి "నువ్వు మనిషివి కాదయ్యా!" అన్నాడట. ఆ మాట వారానికోసారైనా బైండరు చెవిన పడేది.

ఆయన పిచ్చి పాత కాగితాలు. అగ్గిపెట్టె లేబుళ్ళు, చింపిన సినిమా టికెట్లు, మూతపడ్డ హోటళ్ళ మెనూలు, మందు సీసాల చీటీలు — జనం చదివి పారేసిందల్లా ఆయనింట్లో అట్టపెట్టెల్లో కాపురం పెట్టేది. అన్నిట్లోకీ ప్రాణం మాత్రం చేత్తో చేసిన పాత గ్రీటింగ్ కార్డులు. సూదితో బెజ్జాలు పొడిచి లేసులా చేసినవి, ఎండిన పువ్వు అంటించినవి, పట్టుదారంతో కుట్టినవి, చివర పట్టుకు లాగితే పిట్ట రెక్కలాడించేవి. వాటిని ఎత్తి చూపిస్తున్నప్పుడు ఆయన చెయ్యి చంటిపిల్లను పట్టుకున్నట్టు ఉండేదని బైండరు చెప్పాడు. తన పిల్లను మాత్రం ఎప్పుడూ అలా ఎత్తుకోలేదట.

ఒక్కటే షరతు. కార్డు లోపల రాత ఉండకూడదు.

"రాసిన కార్డు ఎంగిలి కార్డోయ్" అనేవాడు. వాళ్ళ సేకరణదారుల సంఘంలో కూడా అంతే, రాయని కార్డుకే మర్యాద. మరి ఎనభై ఏళ్ళ నాటి కార్డు రాయకుండా ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. అందుకని దొరికినదాన్నే ఈయన రాయనిదిగా చేసేవాడు.

దానికో పద్ధతుంది. కార్డు తెరిచి, బల్లమీద తలకిందులుగా తిప్పి పెట్టుకునేవాడు. అది ట్రేసింగు గదిలో అబ్బిన అలవాటు. నిటారుగా పెడితే కన్ను చదువుతుంది, చదివితే చెయ్యి ఆగుతుంది. తలకిందులైతే అక్షరం కాస్తా వట్టి గీత. అప్పటికీ ఏ మాటైనా మొండికేసి కళ్ళబడిందా, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేవాడు. ఎవరి తల్లి ఎవరి కొడుక్కి రాసుకుందో, ఎవడు పెళ్ళాన్ని క్షమించమన్నాడో — సర్, సర్, సర్... ఉఫ్! నేలమీద బూడిదరంగు పొడి. పొద్దున్నే చీపురు.

"పాపం కదండీ?" అన్నాడు ఒకసారి బైండరు.

"చచ్చినవాళ్ళ మాటలోయ్. వాళ్ళకిప్పుడేం పని వాటితో?"

చూశారా, ఎంత తేలిగ్గా అనేశాడో!

కార్డులమ్మ పద్ధతి ఇంకోలా ఉండేది. లోపల ఏ మాట రాయమన్నా పెన్సిలుతోనే, తేలిగ్గా రాసిచ్చేది. "నేను దారి చూపించానంతే. దీనిమీద నువ్వు నీ చేత్తో సిరా దిద్దుకో, అప్పుడది నీ మాటవుతుంది" అనేది. సగం మంది బద్ధకించి పెన్సిలు రాతతోనే పంపేసేవాళ్ళు. ఆ కార్డులు తిరిగి తిరిగి ఏ పాత సామాన్ల కొట్లోనో తేలి ట్రేసరు చేతికొచ్చేవి. పెన్సిలు చెరపడం ఆయనకు మంచినీళ్ళు తాగినంత సులువు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఎనిమిదో ఏట నుంచీ కార్డులమ్మ గుమ్మంలోనే పెరిగింది, ఆవిణ్ణి అమ్మమ్మా అని పిలుస్తూ ఆ పనంతా నేర్చుకుంది. ఏటా పుట్టినరోజుకు నాన్నకో కార్డు చేసి తెచ్చేది. ఆయన అటూ ఇటూ తిప్పి, "బాగుందమ్మా... కొత్తది కదా" అని పక్కన పెట్టేసేవాడు.

కొత్తది! పిల్ల వేళ్ళకు జిగురింకా ఆరలేదు, కొత్తదవక ఏమవుతుందండీ? ఏం మనిషో!

ఏడేళ్ళ కిందట ఆయన భార్య ఆస్పత్రిలో పడింది. ఆవిడ పోయిన రోజున సంఘం వాళ్ళ సభ, కార్డులు మార్చుకునే సభ. "సాయంత్రానికల్లా వచ్చేస్తా" అని వెళ్ళాడు. వచ్చాడు కూడా. ఆవిడ లేదు. ఖాళీ మంచం పక్కన కూతురు నిలబడి ఉంది, ఈయన చంకలో ఆల్బమ్.

"అమ్మ రెండుసార్లు అడిగింది నాన్నా."

అంతే అంది. అరవలేదు, తిట్టలేదు. ఆ నెల తిరక్కుండా ఇల్లొదిలి వెళ్ళిపోయింది. ఏ ఊరో చెప్పలేదు.

అప్పట్నుంచీ పోస్టు వచ్చే వేళకు ట్రేసరు గుమ్మంలో ఉండేవాడు. ఎవరైనా అడిగితే "కార్డులేమైనా వస్తాయేమోనని" అనేవాడు. వచ్చేవి కార్డులే. కవరు మీద చేతిరాత చూసి, కూతురిది కాదని లోపలికి పోయేవాడు. ఒక్కసారి మాత్రం బైండరు దగ్గర నోరు జారాడు — "ఒక్క ముక్క రాస్తే చాలోయ్. తిట్టినా సరే. ఎక్కడుందో తెలిస్తే కాళ్ళీడ్చుకుంటూ అయినా వెళ్తాను. కాళ్ళమీద పడమన్నా పడతాను."

భార్య పోయిన మరుసటేడు, కార్డులమ్మ ఆయన్ని పిలిచి ఒక కట్ట చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు. అన్నీ తెరిచి చూడు" అంది. "అన్నీ" అని ఇంకోసారి కూడా అంది.

ఆ కట్టలోనే ఉంది తలుపు కార్డు.

మీగడరంగు పాత కాగితం. దానిమీద ఇల్లు, గోరంత పెంకులతో కప్పు, బటర్ పేపరు అద్దాలతో కిటికీలు. మధ్యలో గుడ్డ పట్టీతో వేలాడే తలుపు, దానికి ఆవగింజంత పూస పిడి. తలుపుకు అడ్డంగా సన్నటి కాగితం గొళ్ళెం అంటించి ఉంది. ట్రేసరు దాన్ని దీపం కిందికి తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరూ తెరవని కార్డు! బ్లేడుముక్కతో గొళ్ళెం తెగ్గోసి తలుపు తీశాడు.

లోపల పెన్సిలుతో సన్నటి రాత. కొన్ని వరుసలు.

"ఛ! రాసి చచ్చారు" అనుకున్నాడు.

అలవాటు ప్రకారం తలకిందులుగా తిప్పాడు. ఎందుకో చికాకు వేసింది. తిప్పాక కూడా పైనున్న మాటేదో సూటిగా తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. కళ్ళు అలిసిపోయాయనుకున్నాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

సర్... సర్... సర్...

ఆ ఏడు సంఘం ప్రదర్శనలో దానికే మొదటి బహుమతి. "ఇంత పాత కార్డు, లోపల ఒక్క అక్షరం మచ్చ లేదు!" అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. కార్డులమ్మ కూడా వచ్చింది. అద్దాలపెట్టె ముందు చాలాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈయన వెళ్తే తలుపు తీయలేదు. ఇంకో రెండేళ్ళకు ఆవిడే పోయింది. "నాకు బహుమతి వచ్చిందని కుళ్ళు, ఏం చేస్తాం!" అని ఈయన తేల్చేశాడు.

ఇక అసలు రాత్రి సంగతి.

కార్డులమ్మ మేనల్లుడు ఒకడున్నాడు, ఇల్లు వాడికొచ్చింది. ఓ సాయంత్రం ట్రేసరు దగ్గరికొచ్చి తాళంచెవి బల్లమీద పెట్టాడు. చేతికివ్వడానికి కూడా భయమే.

"రేపు తెల్లారగానే కూల్చేస్తారు బాబాయ్‌గారూ. అత్తయ్య కాగితాలు అలాగే ఉన్నాయి. నేను ముట్టుకోను, పిల్లలు గలవాణ్ణి. కావాలంటే ఈ రాత్రే తెచ్చుకోండి."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అందులో... మీ అమ్మాయి ఉత్తరం కూడా ఒకటి ఉండాలండి."

ట్రేసరు బల్ల అంచు పట్టుకున్నాడు.

"అత్తయ్య నాకు కార్డుల పెట్టెలో రేకు డబ్బా చూపించింది. 'ట్రేసరు తన కూతురి సంగతి అడిగితే ఇవ్వు, అడక్కపోతే ఇవ్వకు' అంది. మీరు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా కార్డులున్నాయా అనే అడిగేవారు. రేపటితో అదీ పోతుంది కదా అని చెప్పేస్తున్నా."

వాడు వెళ్ళగానే ట్రేసరు టార్చిలైటు తీసుకుని తిన్నగా బైండరింటికి వచ్చాడు.

బైండరు ధైర్యం మెట్ల దాకానే పనిచేసింది. "నేనిక్కడే ఉంటాను ట్రేసరుగారూ. ఏదైనా అయితే కేకేయండి, వస్తాను."

"వస్తావా?"

"...చూస్తాను."

ట్రేసరు ఒక్కడే మెట్లెక్కాడు. తాళం తుప్పు పట్టి మొరాయించింది. తలుపు తోస్తే — చెమ్మ వాసన, పాత జిగురు వాసన. టార్చి వెలుగులో ముందుగది. బల్ల అలాగే ఉంది. కుర్చీ కొంచెం వెనక్కి లాగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచినట్టు. గోడకు మేకులు, వాటికి పెద్దదాన్నించి చిన్నదాకా వరసగా కత్తెరలు. ఒక్క మేకుకు మాత్రం కత్తెర లేదు.

నిశ్శబ్దం.

ఒక అడుగు వేశాడు... ఇంకో అడుగు...

సర్... సర్... సర్...

లోపలి గదిలోంచి.

పై ప్రాణాలు పైనే పోయాయి ట్రేసరుకు. ఎందుకంటే ఆ చప్పుడు ఏదో రబ్బరుది కాదు. తనది. మూడు రుద్దులు, ఒక చిన్న ఆగు — పొడి ఊదడానికి — మళ్ళీ మూడు. ముప్పై నాలుగేళ్ళ తన చెయ్యి. గోడ అవతల కూర్చుని ఎవరో తనలాగే చెరుపుతున్నారు.

"ఎ... ఎవరూ?"

ఆగిపోయింది.

అడుగు వేశాడు. సర్... సర్... సర్... ఆగాడు. అదీ ఆగింది.

ముందుకు పడదు, వెనక్కి తిరగడానికి మనసొప్పదు. అదే ఇంకో రోజైతే, వట్టి కార్డుల కోసమైతే, టార్చి అక్కడే పారేసి వచ్చేసేవాడే. కానీ తెల్లారితే ఇల్లుండదు. ఉత్తరం ఉండదు.

గుసగుసగా అన్నాడు — "కార్డులమ్మా... నేను, ట్రేసర్ని. కార్డుల కోసం రాలేదు. ఒట్టు... కార్డుల కోసం కాదు. మా అమ్మాయి... మా అమ్మాయి ఉత్తరం కోసం..."

గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. మూల ఒక చెక్క పెట్టె. చప్పుడు అందులోంచే. వంగి, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపున మూత ఎత్తేశాడు.

కళ్ళు తెరిచి చూస్తే... చెదలు.

పెట్టె నిండా చెదలు. కార్డుల కట్టలన్నీ లోపల్లోపల తినేసి ఉన్నాయి, పైన తొక్క మాత్రం మిగిలింది. లక్షల నోళ్ళు కాగితాన్ని కొరుకుతుంటే బోలు పెట్టెలో ఆ చప్పుడు. అడుగు పడి నేల అదిరితే లేచేది, ఆగితే అణిగేది. గడపమీది పొడి కూడా వాటిదే. దర్వాజా దాకా మట్టి గీతలు పాకి ఉన్నాయి.

ట్రేసరుకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెదలోయ్ బైండరూ! చెదలు! దెయ్యమూ లేదు, నా మొహమూ లేదు!" అని కేకేశాడు. బయట బైండరు కూడా నవ్వాడట, మెట్టు మాత్రం ఎక్కకుండానే. నాలుగేళ్ళు సందంతా హడలి చచ్చింది ఈ పురుగుల కోసమా అని!

ఆ నవ్వు మొహంతోనే రేకు డబ్బా తీశాడు. పెట్టె అడుగున ఉంది, రేకు కాబట్టి చెదలు దాని జోలికి పోలేదు. లోపల మడిచిన కాగితం ఒకటే. కూతురి చేతిరాత. ఏడేళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన చేతిరాత. కళ్ళద్దాలు తుడుచుకుని, టార్చి చంకలో పెట్టుకుని చదివాడు.

"అమ్మమ్మా,

ఇందులో ఒక కార్డు ఉంది. మీరిచ్చిన పాత కాగితంతోనే చేశాను. కొత్తదని తెలిస్తే నాన్న పక్కన పెట్టేస్తాడు. మీ పాత కార్డుల కట్టలో కలిపి ఇచ్చేయండి. నా పేరు చెప్పొద్దు. తలుపుకు గొళ్ళెం అంటించాను, మీరు తీయొద్దు. అది ఆయనే తీయాలి.

లోపల నా అడ్రసు రాశాను. అమ్మ ఆఖర్న నాన్నకు చెప్పమన్న మాట కూడా రాశాను. కోపంతో అప్పుడు చెప్పలేదు. అది నేను దాచుకోవలసింది కాదు.

సిరాతో రాస్తే తీసుకోడు, అందుకే పెన్సిలు. చెరిపేస్తాడని తెలుసు. చెరిపే ముందు కార్డు తలకిందులుగా తిప్పుతాడనీ తెలుసు. ఆ బల్ల కింద కూర్చుని ఆడుకున్నదాన్ని నేను. అందుకే తలకిందులుగా రాశాను. ఆయన తిప్పగానే నా మాట ఆయన ముందు నిటారుగా నిలబడుతుంది. మొదటి మాట 'నాన్నా' అని. అదొక్కటి చూసినా చాలు, చెయ్యి ఆగుతుంది.

మీకు కూడా అడ్రసు చెప్పడం లేదు. జాలిపడి చెప్పేస్తారు. చదివితే తనే వస్తాడు. రాకపోతే — చదివి కూడా రాలేదని అనుకుంటాను. ఇక రాయను."

కాగితం వెనక్కి తిప్పాడు. కార్డులమ్మ పెన్సిలు రాత. పైన — "కట్టలో పెట్టి ఇచ్చాను. అన్నీ తెరిచి చూడమన్నాను." కాస్త కింద, వేరే రోజు రాసినట్టుంది — "ప్రదర్శనలో చూశాను. లోపల తెల్లగా ఉంది. పిల్లకు చెబుదామంటే ఎక్కడికని రాయను?"

పెట్టెలో చెదలు మళ్ళీ మొదలెట్టాయి. సర్... సర్... సర్...

బైండరు మెట్లమీద చాలాసేపు కూర్చున్నాడు. నవ్వు వినబడి ఎంతసేపైందో! చివరికి ట్రేసరు బయటికొచ్చాడు. కార్డు ఒక్కటీ తేలేదు, చేతిలో ఒకే కాగితం.

"దొరికిందా ఉత్తరం?"

"దొరికింది."

"హమ్మయ్య! అడ్రసు రాసిందా?"

"రాసింది."

"ఎక్కడటండీ?"

ట్రేసరు మెట్టుమీద కూలబడ్డాడు.

"దానికి మొదటి బహుమతి వచ్చిందోయ్" అన్నాడు.

బైండరుకు మతి పోయిందేమో అనిపించింది, ఆయనకా తనకా అన్నది తెలియలేదు. ఉత్తరం చదివాక అర్థమైంది. ఇద్దరూ తెల్లారేదాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత కూల్చేవాళ్ళు వచ్చి లేవమన్నారు.

ఇంటికెళ్ళి ట్రేసరు తలుపు కార్డు తీశాడు. రాత పోయినా కాగితం మీద పెన్సిలు నొక్కిన జాడ మిగులుతుంది, వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడితే చదవొచ్చు. సర్వే ఆఫీసులో ఆయనే కుర్రాళ్ళకు నేర్పేవాడు. టార్చి పక్కన పెట్టి చూశాడు. ఏమీ లేదు. పెన్సిలు ముల్లు పొడి చేసి వేలితో అద్ది చూశాడు. ఏమీ లేదు. చెంచాతో పామింది ఆయన చెయ్యాయె! ఏ ఆఫీసరూ భూతద్దం పెట్టి కనుక్కోలేని చెయ్యి.

అడ్రసు సంగతి అటుంచండి. పోతూ పోతూ ఆయన భార్య ఏమంది? రెండుసార్లు అడిగి, ఇక రాడని తెలిశాక, కూతురి చేత ఏం చెప్పమంది? తిట్టిందా? ఏం కాదులే అందా? ఏదో చిన్న మాటే అయ్యుంటుంది. అది ఆయన ముందే నిటారుగా నిలబడితే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

ఆ రోజు నుంచీ రాత్రిళ్ళు ట్రేసరింట్లో చప్పుడు మొదలైంది. సర్... సర్... సర్... పెన్సిలు పొడి అద్దడం, తుడవడం, మళ్ళీ అద్దడం. జనం చెవులు కొరుక్కున్నారు. కార్డులమ్మ ఇల్లు పోయిందని ఇక్కడికి వచ్చి కూర్చుందన్నారు. చీకటి పడితే ఆయన ఇంటి ముందు కూడా నడక తగ్గిపోయింది.

ఇప్పుడు బైండరు దాచిన మాట.

ఆ తర్వాత రెండు నెలలకు, ఒక రాత్రి, బైండరు అటుగా వస్తూ ఆ చప్పుడు విన్నాడు. జాలేసింది. లోపలికెళ్ళి కాసేపు కూర్చుందాం, పాపం, అనుకున్నాడు. వెళ్ళి తలుపు మీద రెండుసార్లు తట్టాడు.

చప్పుడు ఆగిపోయింది.

కుర్చీ జరిగింది. తర్వాత లోపలినుంచి, గుసగుసగా —

"అమ్మాయ్... నువ్వేనా?"

బైండరు నోరు తెరిచాడు. 'కాదండీ, నేను' అనాలి, అంతే. ఆ ఒక్క ముక్కా అనలేకపోయాడు. లోపల ఏదో కిందపడింది, తడుముకుంటున్న చప్పుడు... "ఉండమ్మా... ఒక్క నిమిషం... కళ్ళద్దాలు... ఎక్కడ పెట్టానో... వెళ్ళిపోకు... ఇదిగో, వచ్చేస్తున్నా..."

బైండరు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వెనక్కి చూడకుండా మూల తిరిగేదాకా పరుగే. వెనకాల తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. రోడ్డు మీద వెలుగు పడింది. చాలాసేపు ఆ వెలుగు అలాగే ఉంది.

పొద్దున్నే ట్రేసరు సందంతా తిరిగి చెప్పాడు — "రాత్రి మా అమ్మాయి వచ్చింది! తలుపు తట్టింది. నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోగా వెళ్ళిపోయింది." చెబుతూ నవ్వాడట. ఆ ఉత్తరం చదివాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వింది ఆ పొద్దున్నేనట.

"నిజం చెప్పెయ్యకూడదటయ్యా?" అని కసురుకున్నాను నేను.

"చెబుదామనే వెళ్ళానండీ. ఆ నవ్వు చూశాక నోరు రాలేదు. ఇప్పుడు ఆయన కళ్ళద్దాలు పెట్టుకునే పడుకుంటున్నాడు. మంచం తలుపు పక్కకే లాక్కున్నాడు."

"పోనీలే. ఒక్క రాత్రి సంగతే కదా, మరిచిపోతాడు."

బైండరు నావైపు అదోలా చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు —

"నేను తట్టింది ఆ ఒక్క రాత్రేనండీ. మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు. కానీ... రోజూ తడుతోందట. రోజూ సరిగ్గా రెండుసార్లేనట. ఎదురింటివాళ్ళు కూడా విన్నామంటున్నారు. ఈయన కళ్ళద్దాలతో సహా సిద్ధంగా ఉండి, చటుక్కున తలుపు తీస్తున్నాడు..."

"తీస్తే?"

"ఎవరూ ఉండరటండీ."